ఇంటికాడ ఎవరికి జరం?

ఈ ఉదయం ప్రార్థన అయ్యాక మందుల డబ్బా మూత తీస్తే మళ్లీ ఆ వాసనే గుప్పుమంది. దూది, టించరు, చేదు మాత్రలు, తుప్పు పట్టిన రేకు కలిసిన వాసన. ఎదురుగా అయిదో తరగతి పిల్ల చెయ్యి చాపి నిలబడింది. “జరమొచ్చింది మేడం, గోలి కావాలె” అంది. నుదురు ముట్టుకుని చూస్తే చల్లగా కుండలా ఉంది. వంటమనిషి రాలేదు, బియ్యం రాలేదు, పొద్దున్నే మోకాళ్లు పీకుతున్నాయి. ‘పో పిల్లా, వేషాలెయ్యకు’ అని కసరబోయాను. రహమత్ మేడం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పినపాక అవతలి అడవిలో ఉన్న ఈ గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకి నేను రైలు స్టేషనున్న మధిర నుంచి టీచరుగా వచ్చాను. అప్పుడు ఆమె ఇక్కడ వార్డెన్. మణుగూరులో గాజుల కొట్టు నడిపే కుటుంబం వాళ్లది. భారీ మనిషి. కూర్చున్నచోటి నుంచి లేవాలంటే రెండు మోకాళ్ల మీదా చేతులు ఊని “యా అల్లా” అనాల్సిందే. దవాఖానా దూరం, మధ్యలో వాగు, గట్టి వాన పడితే బస్సు రాదు. నర్సమ్మ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. చిన్నా చితకా జబ్బులన్నిటికీ ఈ రేకు డబ్బానే దిక్కు.

కానీ మేడం దగ్గర గోలి సంపాదించడం మాటలు కాదు. నుదురు ముట్టుకునేది, నాలుక చూసేది, “పొద్దుగాల ఏం తిన్నవే?” అని ఆరా తీసేది. తినలేదంటే వంటింట్లోకి తీసుకుపోయి గంజి తాగించి, పక్కన పీట మీద కూర్చోబెట్టుకునేది. చాలా తలనొప్పులు ఆ పీట మీదే పోయేవి. అవతల తరగతిలో పిల్లలు లేక నా పాఠం ఆగిపోయేది, నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. “ఒక మాత్ర చేతిలో పెట్టి పంపక, ఈ విచారణంతా ఏంటి మేడం?”

“నీది మధిర బుద్ధి బిడ్డా, అన్నీ రైలు టైముకు కావాలె నీకు” అని ఆమె పగలబడి నవ్వింది. “చేతికిస్తే ఏం జేస్తరో ఎరికేనా? కొరికి సగం దోస్తుకిస్తరు.”

నేను నమ్మలేదు. ఆ వారంలోనే కళ్లారా చూశాను. జ్వరంతో ఉన్న పిల్ల మాత్రను పంటితో రెండు చేసి, ఏ జబ్బూ లేని స్నేహితురాలికి ఒక ముక్క ఇచ్చింది. ఇద్దరూ మొహాలు వికారంగా పెట్టి మింగేశారు. ఈ పిల్లల ఊళ్లలో ఒక్కరే తినడం తప్పు. తునికిపండ్లు దొరికినా, వేటమాంసం దొరికినా అందరికీ వాటా పడాల్సిందే. మరి మాత్ర మాత్రం ఒక్కరే ఎలా తింటారు? అందుకే మేడం తన ఎదుటే మింగించి, “ఆ అను” అని నోరు తెరిపించి మరీ వదిలేది.

ఆ వానాకాలం ఏడో తరగతి సమ్మక్కకి చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆ బక్కపిల్ల పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. “ఇది మన డబ్బాకు లొంగే జరం కాదు” అని మేడం జీపు మాట్లాడి దవాఖానాకి తీసుకెళ్లింది. రక్తం చూసి మలేరియా అన్నారు, వరసగా వేసుకోమని మాత్రలిచ్చారు. మేడం పూట తప్పకుండా మింగించింది. జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ తిరగబెట్టింది.

పిల్లకి పొడిబట్టలు తీద్దామని నేనే ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున చేతిరుమాలు మూట. విప్పితే మాత్రలు! సగం కరిగి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నాలుక కింద దాచి, మేడం అటు తిరగ్గానే ఉమ్మి ఆరబెట్టుకుంది. నాకు కోపం నసాళానికంటింది. “చచ్చిపోతావే! నీ కోసం ఇంతమంది తిరుగుతుంటే దాచుకుంటావా?” అని చెయ్యెత్తాను.

“ఆగు బిడ్డా” అంది మేడం. కిందికి వంగి, ఆయాసపడుతూ సమ్మక్క పక్కన నేలమీద చతికిలబడింది. మూట చేతిలోకి తీసుకుని ఒక్కో మాత్రనూ వేలితో విడదీసింది. తర్వాత మెల్లగా అడిగింది. “ఇంటికాడ ఎవరికి జరం?”

సమ్మక్క మూట వైపు చూసింది. “మా అమ్మకు. శానా దినాలాయె. నాకు తగ్గింది గద మేడం. ఇంకా నేనొక్కదాన్నే తింటే ఎట్ల?”

నా చెయ్యి దానంతటదే దిగిపోయింది. మేడం కొంగుతో మొహం తుడుచుకుంది. “దినాం నోరు తెరిపిచ్చి సూసిన గని, ఈ ఒక్క ముచ్చట అడగకపోతి” అంది. నర్సమ్మకి కబురు పెట్టి, సమ్మక్కకి మళ్లీ మందు మొదలుపెట్టించి, చెప్పులు చేతపట్టుకుని వాళ్ల ఊరికి బయల్దేరింది.

“ఈ బురదలోనా? రేపు పోదాం మేడం” అన్నాను.

“అడగకముందు సంగతి వేరే. అడిగినంక కూసుంటే పాపం తాకుతది. యా అల్లా, పా.”

నర్సమ్మ, మేడం, నేను ఆ ఊరు చేరేసరికి సమ్మక్క తల్లి పొయ్యి పక్కన మంచంలో ముడుచుకుపోయి ఉంది. కళ్లు పచ్చబడ్డాయి, పిలిస్తే పలకడం లేదు. తండ్రి అమ్మవారికి కోడిని మొక్కుకుని, పూజారి కోసం ఎదురుచూస్తున్నాడు. నేను ఏదో అనబోతే మేడం నా చెయ్యి నొక్కింది.

“మొక్కు తీర్సుకో అన్నా, నేనొద్దంటనా? కోడి అమ్మోరికి, రకతం సూపుడు దవాఖానాల. రెండూ జేద్దాం” అంది.

అతను మంచం వైపు చూశాడు. “మోసేటోళ్లు గావాలె గద” అన్నాడు.

ఊరివాళ్లు మంచాన్ని భుజాలకెత్తుకుని వాగు దాటించారు. ఆమె బతికింది. ఇంకా ఆగితే దక్కేది కాదని డాక్టరు మా ముందే అన్నాడు. మేడం సంతోషించిందో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చే దారిలో ఒక రాయి మీద కూర్చుని కాళ్లు పిసుక్కుంటూ, “ఎన్నూర్లని తిరుగుతం బిడ్డా, పానం అలిసిపోతున్నది” అంది. మర్నాడు డబ్బా తెరిచినప్పుడు మాత్రం, చెయ్యి చాపిన మొదటి పిల్లని ఆ ప్రశ్నే అడిగింది. రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉంది.

ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఇప్పుడు ఆ వార్డెన్ కుర్చీ నాది, ఆ మోకాళ్ల నొప్పీ నాదే. నర్సు చెప్పందే మాత్ర ఇవ్వకూడదని ఇప్పుడు రూలుంది. మంచి రూలే, నేను తప్పను. కానీ నిజం చెప్పనా? మాత్ర ఇవ్వడం కంటే ఆ ప్రశ్న అడగడానికే నాకు భయం. జవాబొస్తే నడవాల్సింది నేనే. కొన్ని పొద్దులు ఆ పిల్లలు నిజంగానే వేషాలు వేస్తుంటే బాగుండునని ఆశపడతాను.

పిల్ల చెయ్యి ఇంకా చాపే ఉంది.

“ఇంటికాడ ఎవరికి జరం?” అన్నాను.

అది తల దించుకుంది. కాలి బొటనవేలితో నేల గీరింది. చివరికి “మా నాయినకు” అంది. అని ఏడ్చేసింది.

డబ్బా మూసేశాను. నర్సమ్మకి ఫోన్ చేసి రమ్మన్నాను. మోకాళ్ల మీద చేతులు ఊని “యా అల్లా” అంటూ లేచాను. పిల్ల ఏడుపు ఆపి నా వంక వింతగా చూసింది.

“పా బిడ్డా” అన్నాను, “మీ ఊరికి తొవ్వ చూపించు.”