దొర షేర్వాణీలో మా చిన్నాయన పెళ్ళి

మా చిన్నప్పుడు... మా చాకలివాడలో పెళ్ళికి ఎవరూ కొత్త బట్టలు కొనేవాళ్ళు కాదు. కొనే తాహతు ఎక్కడిది? ఊరివాళ్ళ మూటలు మా ఇంట్లోనే ఉండేవి కదా... అందులోంచి మంచివి తీసి పెళ్ళికొడుక్కి తొడిగి, మర్నాడు ఉతికి ఎవరివి వాళ్ళకు చేర్చేవాళ్ళు. ఊరందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. దొర ఉండే గడి నుంచి వచ్చిన బట్టలు మాత్రం ముట్టేవాళ్ళం కాదు.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. సంగపోళ్ళ, అదే కమ్యూనిస్టుల, భయానికి దొర పట్నం పారిపోయి ఏడాది దాటింది. ఉతకడానికొచ్చిన ఆయన షేర్వాణీ ఒకటి మా సందుగపెట్టెలోనే ఉండిపోయింది. మీగడ రంగు, మెడదాకా గుండీలు. బాపు తమ్ముడు, మా చిన్నాయన, తన పెళ్ళికి అదే కావాలని పట్టుబట్టాడు.

"దొర లేడు, దొరతనం లేదు... ఇంకెవనికి భయపడాలె అన్నా?"

బాపు మెత్తబడ్డాడు.

పక్కనున్న మంచాల ఊరి పిల్ల మా చిన్నమ్మ. లగ్గమయ్యాక డప్పులతో ఊరేగింపు గడి ముందుకొచ్చింది. మునుపైతే మావాళ్ళు అక్కడ చెప్పులు చేతబట్టుకుని నడవాలి. చిన్నాయన ఆ రోజు అరువు తెచ్చిన కిర్రుచెప్పులతోనే నడిచాడు. ఎంత బాగున్నాడో... నా దిష్టే తగిలిందేమోనని చాలా ఏళ్ళు ఏడ్చాను.

అప్పుడే మిలిటరీ లారీ వచ్చి ఆగింది. పోలీసు యాక్షన్ అయి అప్పటికి కొద్దిరోజులే. లారీలోంచి ఖద్దరు బట్టలు, తెల్లటోపీ వేసుకున్న మనిషి దిగాడు. రూమీటోపీ, మీసం లేకుండా దొరను మేమెన్నడూ చూడలేదు... ఎవరమూ గుర్తుపట్టలేదు. కాంగ్రెసాయన వచ్చాడు, మన రాజ్యం వచ్చింది అనుకుని చిన్నాయన ఎదురెళ్ళి, తన మెడలో దండ తీసి ఆయనకు వేసి దండం పెట్టాడు.

ఆ మనిషి దండ సర్దుకున్నాడు. "నా షేర్వాణీ నీకు మస్తు కుదిరిందిరా," అన్నాడు.

గొంతు వినగానే డప్పులు ఆగిపోయాయి.

దొర కోప్పడలేదు, కొట్టలేదు. బాపును పిలిచాడు. "మాసిపోతది. నీ చేతులతోనే విప్పు."

పెళ్ళికూతురు చూస్తుండగా బాపు తమ్ముడి గుండీలు ఒక్కొక్కటే తీశాడు. ఒకటి రాకపోతే గట్టిగా గుంజాడు. "జర నిమ్మలంగ తియ్, గుండీలు తెగుతయ్," అన్నాడు దొర. ధోతి కూడా విప్పించాడు. జవాన్ల వైపు తిరిగి, వీడు కమ్యూనిస్టు అని ఉర్దూలో చెప్పాడు. అంతే... లారీ ఎక్కించారు.

బాపు కాళ్ళమీద పడ్డాడు. "బాంచెన్ దొరా, వాడు బట్టలుతికెటోడు."

"అవ్, ఉతికెటోడే. తొడిగెటోడు గాదు గద," అన్నాడు దొర.

చిన్నాయన మళ్ళీ రాలేదు. ఏ జైల్లో పోయాడో, ఏ గుట్టల్లో కాల్చారో ఇప్పటికీ తెలియదు.

వారం తిరక్కముందే గడి నుంచి మూట వచ్చింది. పైన ఆ షేర్వాణీయే. బాపు ముట్టలేకపోయాడు. చిన్నమ్మే రేవుకు తీసుకెళ్ళి ఉతికింది. తర్వాత ఏళ్ళ తరబడి గడి బట్టలు ఆమే ఉతికింది... కాదంటే ఊళ్ళో బతకనిస్తారా?

మొన్న తుర్కయాంజాల్‌లో మా మనవడి పెళ్ళి. షేర్వాణీ అద్దెకు తెచ్చుకున్నాడు. "బాపమ్మా, ఎట్లున్న?" అన్నాడు. మస్తున్నవ్ బిడ్డా అన్నాను గానీ, ఆ గుండీల వైపు చూడలేకపోయాను. ఇప్పుడు ఎవరేం తొడుక్కున్నా అడిగేవాడు లేడు. మంచిదే.

మీ తాతలు పెళ్ళినాడు ఏం తొడుక్కున్నారో, అది ఎవరిదో... వాళ్ళుండగానే అడిగి ఇక్కడ రాయండి. మా చిన్నాయన ఒంటిమీద తన సొంతమంటూ ఉన్నది గోచి ఒక్కటే. దాంతోనే లారీ ఎక్కాడు.