రాహేలు పిన్ని కేక

మా పక్కింటి రాహేలు పిన్ని ‘చేపలోయ్’ అని కేకేస్తే గోదావరి అవతల ఎదుర్లంకలో మసాలా నూరడం మొదలెడతారని ఫరంపేటలో ఓ వేళాకోళం. నాకైతే అందులో నవ్వేం కనబడదు. ఇన్నేళ్ళుగా నా పొద్దుటి నిద్ర ఆ కేకకే బలైపోతోంది.

అంత నోరూ గుమ్మం దాటి లోపలికి రాదు. ఇంట్లో అడుగుపెట్టాక పిన్ని చేతులతోనే మాట్లాడుతుంది. కొడుకు డేనియల్‌కి చెవులు వినపడవు. టైల్స్ పనిలో చెయ్యి తిరిగినవాడు, బుద్ధిమంతుడు. యానాం అంతా ఎరిగిన ఆ కేకని తల్లి నోట వాడొక్కడే వినలేడు.

వాడికి తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించాల్సింది. బుధవారం బుధవారం వేసే ఆ టీకాకి పైసా అక్కర్లేదు. కానీ వేయిస్తే పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడుతుంది, తల్లి బుట్ట దించి ఇంట్లో కూర్చోవాలి. చూస్తే పులస చేపల రోజులు, ఏడాదిలో అసలు బేరం అప్పుడే. యాకోబు బాబాయి వేటకెళ్ళాడు. వచ్చే బుధవారం చూద్దాంలే అనుకుంది పిన్ని. అలా చాలా బుధవారాలు వెళ్ళిపోయాయి. రెండో ఏట పిల్లాడికి తట్టు పోసింది, చెవుల్లో చీము పట్టి వినికిడి పోయింది. ఒక్క రోజు బేరం పోతుందని జంకిన మనిషి కాకినాడ ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఏడాది బేరమూ పోగొట్టుకుంది. బాబాయి పడవలో వాటా అమ్మేశాడు. వాడి నుంచి ఆ తట్టు మా తమ్ముడికీ అంటుకుంది. మావాడు బతికి బట్టకట్టాడు గనక మా అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

పిన్నిని తప్పుపట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెక్కాడితేగానీ డొక్కాడని మనిషికి ఒక రోజంటే ఏమిటో నీడపట్టున కూర్చున్నవాళ్ళకేం తెలుసు?

మొన్న గోదారికి ఎర్రనీరు వచ్చి పులసలు పడుతున్నప్పుడు మళ్ళీ అదే కథ మొదలైంది. ఎదురింటి ఎస్తేర్‌రాణి కూతురికి తొమ్మిది నెలలు నిండాయి. ఎస్తేర్‌రాణీ చేపలమ్మే మనిషే. బుధవారం టీకాకి తీసుకురమ్మని నర్సమ్మ వీణ చెప్పి వెళ్ళింది.

“ఈ వారం కుదరదత్తా. పులసలప్పుడు బుట్ట దించేత్తే నేనమ్మే ఇళ్ళోళ్ళు ఇంకోళ్ళ దగ్గర కొనేసుకుంటారు. వచ్చే బుధవారం ఏయిత్తాలే” అంది ఎస్తేర్‌రాణి పిన్నితో.

ఆ మాట వినగానే పిన్ని మొహం పాలిపోయింది.

“నీ బుట్ట నేనెత్తుకుంటానే. నువ్వు పిల్లనట్టుకెళ్ళు.”

ఎస్తేర్‌రాణి తల వంచుకుంది. దాని అనుమానం నాకు అర్థమైంది. చేపలమ్మేవాళ్ళలో ఒకరి ఇళ్ళకి ఇంకొకరు వెళ్తే ఆ ఇళ్ళు మళ్ళీ తిరిగిరావు.

“నోరిప్పి చెప్పవే. నీ ఇళ్ళు లాగేసుకుంటాననేగా?” అంది పిన్ని. “నీ పేరు చెప్పే అమ్ముతాను. ఊరంతా ఇంటాది కదా, నీ చెవులతో నువ్వే ఇను.”

బుధవారం పొద్దున్నే కేక వినిపించింది. నేను ఉలిక్కిపడి లేచాను.

“ఎస్తేరు చేపలోయ్! ఎస్తేరు పులసలోయ్!”

పిన్ని ఆ వేళ తన బుట్ట ఎత్తనేలేదు. “ఏం రాహేలూ, పేరు మార్చుకున్నావా?” అని దారిపొడుగునా ఆటపట్టిస్తూనే ఉన్నారట. “పిల్లకి టీకా ఏయించడానికెళ్ళింది. రేపట్నించి మళ్ళీ అదే వత్తాది, దాని దగ్గరే కొనండి” అని ప్రతి గుమ్మంలోనూ చెప్పిందట. తన నోటితో తన బేరం ఇంకొకరికి అప్పజెప్పే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మధ్యాహ్నానికి పాపకి ఒళ్ళు వెచ్చబడింది. చంక దిగదు, ఏడుపు ఆపదు. ఎస్తేర్‌రాణి గుమ్మంలో అటూ ఇటూ తిప్పుతోంది. నేను గిలక్కాయ ఆడిస్తే నాకేసి కూడా చూడలేదు.

అప్పుడు సందు మొదట్లో కేక వినిపించింది. “ఎస్తేరు చేపలోయ్!”

పాప ఏడుపు ఠక్కున ఆగింది. తల్లి భుజం మీంచి తల ఎత్తి, కేక వచ్చినవైపు తిరిగింది. తడి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

పిన్ని సందులోనే ఆగిపోయింది. కాసేపు ఆ పిల్లనే చూస్తూ నిలబడింది. ఆవిడ కళ్ళు నిండాయి.

బుట్టలో ఒక్క చేప లేదు. అయినా ఆ పిల్ల కోసం ఇంకోసారి కేకేసింది.