పాయా లేబర్‌లో నా డిపాజిట్ గల్లంతు

ఒక్క వాక్యం తప్పు రాసి, సింగపూర్ దాకా వెళ్లి మరీ తలదించుకుని వచ్చాను. అసలు బయల్దేరింది మేనకోడలి గృహప్రవేశానికి. తెనాలి నుంచి రైల్లో చెన్నై, అక్కడి నుంచి పొద్దుటి విమానం. దిగగానే గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. బస యీషున్‌లో మేనకోడలి ఫ్లాట్‌లోనే.

శుక్రవారం సత్యనారాయణ వ్రతం అయ్యాక, పక్క ఫ్లాట్ రాజేశ్వరి గారు ప్రసాదం తీసుకుంటూ నా పేరు అడిగారు. వాళ్లది తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఆవిడ పట్టుబట్టి తెలుగు చదవడం నేర్చుకుని మా మాసపత్రిక తెప్పించుకుంటారట. అందులో నేను చిన్న పార్టీల మీద నెలనెలా రాస్తుంటాను. ఆమధ్య ఒక పాలస్తీనా పార్టీ గురించి రాస్తూ, "రెండు సీట్లతో మొదలై, ఆనక డిపాజిట్లు గల్లంతై అడ్రస్ లేకుండా పోయింది" అని ముగించాను. ఇరవై ఏళ్లుగా వినపడని పార్టీ గురించి మన దగ్గర ఇంకేం రాస్తాం? చెయ్యి దానంతటదే రాసేసింది.

ఆ పార్టీ అభ్యర్థి ఒకాయన కూతురు హనాన్, రాఫెల్స్ ప్లేస్‌లో రాజేశ్వరి గారి ఆఫీసులోనే పనిచేస్తోంది. పత్రికలో ఆ పార్టీ పేరు చూడగానే రాజేశ్వరి గారు చెబితే, మన పార్టీ గురించి ఇండియాలో ఎవరో రాశారని, రమల్లాలో మంచం పట్టిన తండ్రికి ముందే ఫోన్లో చెప్పేసింది. ఆయన పొంగిపోయి, ఏం రాశారో చదివి వినిపించమని రోజూ అడుగుతున్నాడు. రాజేశ్వరి గారు ఆ తర్వాత చదివి అర్థం చెప్పారు. అప్పటి నుంచి ఆ అమ్మాయి తండ్రికి ఏదో ఒక సాకు చెబుతూ వస్తోంది.

"రేపు దాన్ని మకాన్‌కి రమ్మన్నాను, అదే, భోజనానికి. కలిసి తిందాం. నువ్వు రాసింది నువ్వే చెప్పు తమ్ముడూ," అన్నారావిడ. కాదనడానికి నోరు రాలేదు.

శనివారం పదిన్నరకు యీషున్‌లో రైలెక్కాం. టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డు ఆనిస్తే గేటు తెరుచుకుంటుంది. మా తెలుగు విని పక్క సీటు మనిషి పలకరించాడు. కరీంనగర్ వైపువాడు, ఓడల యార్డులో వెల్డర్. నేను రాజకీయాలు రాస్తానంటే నవ్వాడు. "నేను ఓటెయ్యక తొమ్మిదేండ్లాయె అన్నా. ఎలక్షన్లప్పుడు లీవ్ దొరకది. అయినా ఊర్ల ఎలక్షనైతే అయితది గదా," అన్నాడు. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు.

రాఫెల్స్ ప్లేస్‌లో దిగి, ఆకుపచ్చ లైన్ రైలు పట్టుకుని పాయా లేబర్ చేరేసరికి పదకొండున్నర దాటింది. అక్కడి నుంచి, వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్ నడిచే దూరం. ఖాళీ బల్ల మీద రాజేశ్వరి గారు ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి కౌంటర్ వైపు నడిచారు. ఎవరైనా కూర్చుంటారేమోనని నేను కంగారుపడితే, చోప్ చేశాం, ఇక ఎవరూ కూర్చోరు అన్నారు. బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు ఆపుకునే మన పద్ధతే. కాకపోతే మన దగ్గర తుండుగుడ్డ తీసి పారేసి కూర్చుంటారు, ఇక్కడ తీయరు. మేం కొబ్బరిపాల అన్నం, వేయించిన చేప పట్టుకొచ్చేసరికి బల్ల ఖాళీగానే ఉంది.

హనాన్ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. ఇంగ్లీషులో నెమ్మదిగా ఒకటే అడిగింది: "మేం ఏ ఎన్నికల్లో ఓడిపోయాం?"

ఆ అమ్మాయే చెప్పింది. వాళ్ల చట్టసభకు ఎన్నికలు జరిగి ఇరవై ఏళ్లు కావొస్తోంది. పార్టీ జాబితాలో వాళ్ల నాన్నది మూడో పేరు. ఎన్ని సీట్లొస్తే జాబితాలో పైనుంచి అన్ని పేర్లే సభకు వెళ్తాయి; పార్టీకి వచ్చినవి రెండు సీట్లు. బడిపంతులు కదా, వచ్చేసారి చూసుకుందాంలే అనుకున్నాడు. ఆ వచ్చేసారి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఈసారి ఆయనది రెండో పేరు. కొత్త కోటు కుట్టించుకున్నాడు. పోలింగ్ కొద్ది వారాల్లో ఉందనగా అధికారంలో ఉన్నవాళ్లు ఎన్నికలు వాయిదా వేశారు. జెరూసలేంలో ఓటు వేయనివ్వడం లేదు కాబట్టి అన్నారు. తాము ఓడిపోతామని వాళ్లకున్న భయమే అసలు కారణం అంటుంది హనాన్. ఆ తర్వాత యుద్ధం. ఆ వాయిదా ఇంకా వాయిదాలోనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. జనం ఓడించిన పార్టీని ఎంత వెటకారమైనా చేయొచ్చు. జనం దగ్గరికే వెళ్లనివ్వని పార్టీని పట్టుకుని గల్లంతు అని రాసిన నన్ను ఏమనాలి? ఆ సీట్లు ఆపినవాళ్లను వదిలేసి, మంచంలో ఉన్న ముసలాయన మీద పడ్డాను. క్షమించమని అడిగి, వచ్చే సంచికలోనే సవరణ వేయిస్తానని మాటిచ్చాను.

హనాన్ బల్ల మీది టిష్యూ ప్యాకెట్ అందుకుని చేతిలో తిప్పింది. "ఈ ఊళ్లో దీన్ని పెట్టినా సీటు ఉంటుంది. మా నాన్న తన పేరే పెట్టాడు," అంది.

మర్నాడు పదింటికి విమానాశ్రయం చేరి, లోపలికి వెళ్లగానే ఎడిటర్ గారికి ఫోన్ చేశాను. సవరణకు జాగా లేదన్నారు. "వచ్చే నెలకు వాయిదా వేద్దాంలెండి. ఎవరడుగుతారు? సింగపూర్ విశేషాలు రాయండి, జనం చదువుతారు." వాయిదా! ఆ మాట ఆయన నోటి వెంట ఎంత తేలిగ్గా వచ్చిందో! పళ్లు కొరుక్కుని, అలాగేనండీ, సింగపూరే రాస్తాను అన్నాను.

రాశాను. రైలు టైములు రాశాను, తిండి రాశాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అక్కడ కూర్చోకండి. ఆ ఊరు మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

రాజేశ్వరి గారు ఇది హనాన్‌కు చెబుతారు, హనాన్ రమల్లాకు ఫోన్ చేసి తన భాషలో చదువుతుంది. అయ్యా, మీ పార్టీ ఓడిపోలేదు. మీకు మళ్లీ ఎన్నికే పెట్టలేదు. ఆ జాబితాలో రెండో పేరు ఇప్పటికీ మీదే.