ఘాటు అనుకున్నారు

ఆ రోజు మిరప కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాను. కూర్చుని చేసే పనే. అయినా ఊపిరి అందలేదు, గుండె దడదడలాడింది. పక్కనున్న మా వదిన, "ఘాటులే, కొంగు ముక్కుకి కట్టుకో. పనంటే నీకెప్పుడూ ఏదో ఒకటి" అంది. ఆ రెండో మాట నేను మర్చిపోలేదు.

అంతకు కొన్నేళ్ళ ముందు అదే కళ్లంలో మా అన్న బస్తాలో మిరపకాయలు తొక్కుతూ వీపు పట్టుకుని కూలిపోయాడు. అప్పటికి చాన్నాళ్ళుగా ఆయాసపడేవాడు. కళ్లంలో దగ్గని మనిషి ఉండడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. గుండెపోటన్నారు. నలభై కూడా నిండలేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్ద డాక్టరు నేను కూర్చోకముందే "మిరప వేశారా?" అని అడిగి, డస్ట్ అలర్జీ అని ఇన్‌హేలర్ రాశాడు. స్టెత్ మెడలోంచి తియ్యలేదు. అన్న సంగతి చెప్పబోతే, "మీ అన్న గురించి కాదమ్మా, నీ గురించి చెప్పు" అన్నాడు.

ఆయాసం తగ్గక ఇంకో ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ చిన్నవయసు డాక్టరమ్మ, "బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించండి" అంది. వేలి కొన చిటికెనవేలు దాటి బయటికొచ్చింది. రెండో చేతి మణికట్టు చుట్టి పట్టుకోమంటే బొటనవేలూ చిటికెనవేలూ ఒకదాన్నొకటి దాటాయి. అంగిలి చూసింది, రొమ్ము ఎముక తడిమింది, చేతులు బార చాపించి టేపు పెట్టింది. నా ఎత్తుకంటే బారే ఎక్కువ.

"పొడుగు వేళ్ళున్న అందరికీ జబ్బుండదండీ. అన్నీ కలిపి చూడాలి. మీ ఇంట్లో ఇంకెవరికి ఇలాంటి చేతులు?"

పత్తి తీతలో అన్న వేళ్ళు చూసి కూలీలు "చేతులు కాదయ్యా నీకు, కొక్కేలు" అని నవ్వేవాళ్ళు.

"మా అన్నకి. పోయాడు."

"చెప్పండి, వింటాను" అంది. అక్కడే ఏడ్చేశాను.

ఎకోలో అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, మొదలు దగ్గర ఉబ్బి కనిపించింది, వాల్వు లీకవుతోంది. "మార్ఫన్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చేది. ఆ నాళం చీలకముందే దొరికారు" అంది. ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చాక గుండె చుట్టూ నీరు చేరి మళ్ళీ అడ్మిట్ చేశారు. ఆ మంచం మీద పడుకుని ఒకటే తలుచుకునేదాన్ని: అన్న చెయ్యి ఒక్కసారి ఆ డాక్టరమ్మ పట్టుకుని చూసి ఉంటే! ఇప్పటికీ అదే.

అన్న కూతురు లిఖితవీ ఆ వేళ్ళే. కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేది. ఎకో తీయించమంటే వదిన, "నీ రోగం నా పిల్లకి అంటగట్టకు" అంది. అదీ మర్చిపోలేదు, పట్టూ వదల్లేదు. రోజూ వాళ్ళింటికి వెళ్ళి ఇరుగుపొరుగు వినేలా అడిగాను. నా నోరు పడలేక తీసుకెళ్ళింది. లిఖితకీ ఉబ్బు మొదలైంది. ఆ ఉబ్బు ఇంకా చిన్నదే కాబట్టి మాత్రలు, ఏటా ఎకో. కబడ్డీ మాత్రం వద్దన్నారు.

"నా ఆట పోగొట్టావత్తా" అంది మొన్న, నా మొహం మీదే. అప్పట్నుంచి మాటల్లేవు.

నేను బరువులెత్తను, మాత్ర మానను. కళ్లాల కాలంలో మాత్రం వీధి గుమ్మంలో నిలబడి పనికి పోయే ఆడవాళ్ళని చూస్తూ ఉండిపోతాను.

మీ ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుంటే, అడగకపోయినా, వద్దన్నా డాక్టరుకి చెప్పండి. ఒకరికి ఈ జబ్బని తేలితే రక్తసంబంధీకులందరికీ ఎకో తీయించండి. మీతో మాట్లాడటం మానేస్తారేమో, మాననివ్వండి. లిఖిత నాకెదురైనప్పుడు తల తిప్పుకుని విసవిసా నడిచిపోతుంది. నేను ఆగి, మలుపు తిరిగేదాకా చూస్తాను. అచ్చం వాళ్ళ నాన్న నడకే.