నూలు ఉండ

అశోక్ చౌక్‌లో పాత కార్లు బాగుచేసే మా బావకు, అంటే మా పెద్దక్క భర్తకు, ఒక అలవాటుండేది. ఇంజన్ చూశాక వెంటనే నోరు విప్పేవాడు కాదు. మగ్గాల షెడ్డు నుంచి తెచ్చుకున్న వేస్టు నూలు ఉండ తీసి, ఒక్కో వేలికున్న మసి తుడుచుకునేవాడు. వేళ్లన్నీ అయ్యాకే మాట. అంతసేపూ కారు తెచ్చినవాడు ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడాలి. నాకు ఒళ్లు మండేది.

ఎనభైల చివర ఒకరోజు నేనూ అలా నిలబడ్డాను. టాక్సీ తిప్పుదామని మగ్గం పని మానేసి, ఒక పాత అంబాసిడర్ కొంటానని మాట ఇచ్చేశాను. నేను బానెట్ ఎత్తి పట్టుకుంటే, బావ టార్చి వేసి ఇంజన్ మీద గుద్దిన నంబరు చదివాడు. కాగితాల్లోనూ అదే ఉంది. నాకు ఊపిరొచ్చింది.

"జర ఆగు బామ్మర్ది. ఈ నంబరు ఎవలన్నా గుద్దొచ్చు. ఇనుము పోత పోసినప్పుడు పడ్డ అక్షరాలు మాత్రం మార్చరాదు" అంటూ టార్చి కిందికి దించాడు. ఆ ఇనుము ఎప్పుడు పోశారో ఆ అక్షరాలే చెబుతాయట. పెదవులు కదుపుతూ చదివాడు.

"బండి కాగితాలు ఏ సాల్‌వి?"

కాగితాల మీదున్న సంవత్సరం చెప్పాను.

"కాగితాలు అయినంక శాన ఏండ్లకు పోసిన ఇనుము ఇది."

"అంటే దొంగ ఇంజనా, బావా?"

బావ టార్చి ఆర్పాడు. జేబులోంచి నూలు ఉండ తీసి, బొటనవేలు తుడవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ మెల్లగా, మరీ మెల్లగా తుడిచాడు.

ఆ రోజు ఆయన ఇంజన్‌ను ముట్టుకోనేలేదు. వేళ్లకు మసి లేదు.