మాస్టరమ్మ పొట్ట మీది కుట్టు

యూనిఫాంలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ మాస్టరమ్మ అనేవారు. కటింగ్ టేబులు ఆమె రాజ్యం. పొరలుగా పరిచిన గుడ్డ మీద ఆమె సుద్దతో గీత గీసిందంటే ఇక దానికి తిరుగులేదు. మనిషి భారీ మనిషి. తన కొలత తీయడానికి రెండు టేపులు ముడేయాలని తనే జోకు వేసి, ఇంకొకరు వేసే అవకాశం లేకుండా చేసేది.

ఆమె తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అక్క కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. కానీ ఇంత బరువున్న మనిషి నుంచి కిడ్నీ తీయలేమని, తగ్గి రమ్మని డాక్టర్లు వెనక్కి పంపారు. అంతే, మాస్టరమ్మ నోరు కట్టుకుంది. చక్కెర మానేసింది, నూనె మానేసింది, బస్సు మానేసి కార్ఖానాకు నడవడం మొదలుపెట్టింది. కళ్లు తిరిగితే టేబులు అంచు పట్టుకుని నిలబడేది. ఏళ్ల తరబడి పట్టిన ఒళ్లు కరగడమంటే మాటలా? మధ్యలో మోకాలు వాచి నడక ఆగింది, తగ్గిన బరువులో కొంత తిరిగొచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. డాక్టర్లు చెప్పిన అంకె ఇంకా కాస్త దూరంలో ఉండగానే తమ్ముడు డయాలసిస్ మంచం మీద పోయాడు.

ఆ తర్వాత ఆమెకు తిండి సయించలేదు. ఒళ్లు తగ్గుతూనే పోయింది. ఎవరికి కావాలి ఇప్పుడు ఆ తగ్గడం? కొవ్వంటే కరిగింది గానీ చర్మం ఎక్కడికి పోతుంది? పొట్ట చర్మం మడతపడి తొడల మీదికి వేలాడింది. మడత కింద చెమటకు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. కటింగుకు వంగితే అది టేబులు అంచుకు నలిగి ప్రాణం పోయేది. స్నానంలో దాన్ని చేత్తో ఎత్తి కడుక్కునేటప్పుడల్లా తమ్ముడే గుర్తొచ్చేవాడు.

అన్నిటికీ మించిన బాధ ఇంకొకటుంది. తమ్ముడి భార్య ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తిట్టిపోసి ఉంటే తేలికయ్యేది. వదిన కాస్త త్వరపడి ఉంటే నా మొగుడు బతికేవాడని ఆ అమ్మాయి మనసులో ఉందా, లేదా? అడగాలంటే నోరు రాదు, అడక్కపోతే నిద్ర రాదు. ఆ అమ్మాయి ఫోను చేసి క్షేమం కనుక్కునేదే గానీ గుమ్మం తొక్కేది కాదు.

పుండ్లు మానక చివరికి మాస్టరమ్మ సర్జను దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపికగా చెప్పాడు. గొట్టంతో కొవ్వు లాగడం ఒక పద్ధతి, కానీ సాగిన చర్మం సాగినట్టే ఉంటుంది కనుక ఆమెకు పనికిరాదు. వేలాడే మడత వరకు కోసేయడం రెండోది, పుండ్ల బాధ తీరడానికి అది చాలు. మూడోది పెద్దది. తుంటి నుంచి తుంటి దాకా కోసి, చర్మాన్ని పక్కటెముకల దాకా లేపి, వదులైన కండరాలను దగ్గరికి కుట్టి, చర్మం కిందికి లాగి, బొడ్డుకు కొత్తగా చోటు చేస్తారు. కోలుకోవడం ఆలస్యం, ప్రమాదమూ ఎక్కువ. లైనింగు కూడా బిగిస్తారన్న మాట, అంది మాస్టరమ్మ. సర్జను నవ్వాడు. అరకొర పని ఆమెకు జన్మలో నచ్చదు. మూడోదే కావాలంది.

తోడు ఎవరున్నారని ఆస్పత్రివాళ్లు అడిగితే ఎవరూ లేరంది. సంగతి ఎలా తెలిసిందో, ఆపరేషను రోజు పొద్దున్నే మరదలు సంచీతో దిగింది. ఎందుకొచ్చావని మాస్టరమ్మ అడగలేదు. జవాబు వినాల్సి వస్తుందని భయం.

ఇంటికొచ్చాక నిటారుగా నడవకూడదు, కుట్లు లాగుతాయి. వంగి వంగి వంటింటి దాకా, మళ్లీ మంచం దాకా. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆ నడక తప్పదు. పడుకుంటే మోకాళ్ల కింద దిళ్లు. కోసిన చోటి నుంచి బయటికి పెట్టిన గొట్టాలకు వేలాడే సీసాల్లో చేరిన నీరు మరదలే పారబోసేది. గొట్టాలు తీసేశాక పొట్టకు వెడల్పాటి బెల్టు ఒక్కటే మిగిలింది. వాపు తగ్గేకొద్దీ అది లూజయింది.

లూజు ఫిట్టింగు చూస్తే మాస్టరమ్మకు ఒళ్లు మంట. గట్టిగా పట్టి ఉంచితేనే చర్మం అతుక్కుంటుందని ఆమె లెక్క. కుట్టు మిషను ముందు కూర్చుని బెల్టును రెండు పక్కలా లోపలికి పట్టి కుట్టేసింది. డాక్టరును ఒక్క మాట అడుగుదామని మరదలు అంది. తాతకు దగ్గులు నేర్పకమ్మా అని మాస్టరమ్మ కొట్టిపారేసింది. మొదట్లో నొప్పి పెట్టింది, తర్వాత తిమ్మిరెక్కింది. తిమ్మిరిని ఆమె సుఖమనుకుంది. గుడ్డకు రక్తం అక్కర్లేదు, చర్మానికి కావాలి. ముప్పై ఏళ్లు గుడ్డతో బతికిన మనిషికి ఆ తేడా తట్టలేదు.

కుట్టు మీది చర్మం నల్లబడింది. సర్జను చచ్చిన చర్మం కోసేసి, గాయం తెరిచే ఉంచాడు. అడుగు నుంచి తనంతట తాను పూడాలి, రోజూ కడిగి గాజ్ గుడ్డ నింపాలి, నెలలు పట్టొచ్చు. నాలుగు రోజులుండి పోదామని వచ్చిన మరదలు ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వంగి గాయం కడుగుతోంది. ఇంత దగ్గరగా ఆ మొహాన్ని తేరిపార చూడటం మాస్టరమ్మకు అదే మొదలు. కళ్ల కింద చారలు తేలాయి. ఇక ఆగలేకపోయింది.

"నేను ముందే తగ్గి ఉంటే వాడు బతికేవాడని అనుకుంటున్నావా?"

మరదలు గాయం మీది నుంచి చూపు మరల్చకుండానే చెప్పింది.

"అనుకున్నాను వదినా. ఇప్పటికీ అనుకుంటాను. మీరెంత కడుపు మాడ్చుకున్నారో తెలుసు. తెలిసీ అనుకుంటాను. మీ మొహం చూస్తే ఎక్కడ అనేస్తానోనని ఇన్నాళ్లూ రాలేదు."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"ఆయనుంటే ఆయనొచ్చేవాడు. లేడని నేనొచ్చాను."

మాస్టరమ్మకు గుండె చెరువయింది. కాదనో, మీ తప్పేమీ లేదనో అంటుందని ఆమె ఇంతకాలం ఏ మూలో ఆశపడింది. ఏడుపు తన్నుకొచ్చింది, దానితో పాటే పొట్ట భగ్గుమంది. మరదలు తడి గాజ్ గుడ్డ గాయంలో సర్ది, పైన పట్టీ అంటించి, దిండు తెచ్చి ఆమె పొట్టకు ఆనించింది.

"ఇది అదిమి పట్టుకుని ఏడవండి. నొప్పి తెలీదు."

తను ఏడవడానికి వంటింట్లోకి వెళ్లింది.