ఊ కొట్టని సారు

కుక్కుటేశ్వరరావు ఆఫ్రికా గొంతును అట్టపెట్టెలో పెట్టి, నాలుగు పక్కలా తాడు బిగించి మరీ తెచ్చాడు.

1990 ఆగస్టు చివరి వారం. ఇరాకీ సైన్యం కువైట్‌లోకి దిగి మూడు వారాలు దాటింది. కువైట్‌లోని ఫింటాస్ నుంచి ఇరాక్‌లోని బస్రా మీదుగా జోర్డాన్ పోవడానికి కొందరు కలిసి ఓ లారీ మాట్లాడుకున్నారు. సుబ్బరత్నమ్మ అప్పటికే లారీ ఎక్కి కూర్చుంది. ఆమెతో పనిచేసే హవా ఇంకా కిందే నిలబడి ఉంది.

సుబ్బరత్నమ్మది రాయచోటి దగ్గర పల్లె. ఆరేళ్ళుగా ఒక కువైటీ ఇంట్లో పని. సోమాలియా నుంచి వచ్చిన హవా అదే ఇంట్లో వంటమనిషి. ఇద్దరికీ కలిసిన భాష వంటింటి అరబ్బీ, అదీ సగం చేతులతో. ఆ సగం భాషలోనే హవా కథలు చెప్పేది. ఆమె "షేకో షేకో" అంటే వినేవాళ్ళు "షేకో హరీర్" అనాలి. పట్టులాంటి కథ అని అర్థం. అనకపోతే ఆమె ముందుకు పోదు. సుబ్బరత్నమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు. వాళ్ళ అవ్వ కూడా ఊ కొట్టకపోతే కథను నడిమధ్యలో వదిలేసి అటు తిరిగి పడుకునేది. అందుకని ముందు హరీర్ అనేది, తర్వాత తన పద్ధతిలో ఊ కొట్టేది.

కుక్కుటేశ్వరరావు ఆ ఇంటి పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చేవాడు. నైజీరియాలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, ఖండం మొత్తం తన జేబులో ఉందన్న నమ్మకంతో కువైట్ చేరినవాడు. మౌఖిక సంప్రదాయం, వలసానంతర అస్తిత్వం అనకుండా టీ కూడా తాగలేడు. హవా సంగతి తెలియగానే టేప్ రికార్డరుతో వంటింట్లోకి దూరాడు.

"షేకో షేకో," అంది హవా.

సుబ్బరత్నమ్మ నోరు తెరవబోయింది.

"ష్! నువ్వు మాట్లాడకమ్మా. రికార్డు పాడైపోతుంది."

హవా ఎదురుచూసింది. ఆయనా ఎదురుచూశాడు. క్యాసెట్ తిరిగింది. చివరికి హవా ఉల్లిపాయలు కోసుకుంది. ఏడాది పొడుగునా ఇదే తంతు. అంతమాత్రానికి ఓడిపోయే రకమా ఆయన? 'ఆఫ్రికా కథనంలో మౌనం' అని పాతిక పేజీల వ్యాసం రాసి తెలుగువాళ్ళ సభలో చదివాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. భోజనాలు ఆ తర్వాతే మరి.

ఇప్పుడు సారు ఎక్కాక లారీలో ఒక్క చోటే మిగిలింది, అందులో ఆయన క్యాసెట్ల పెట్టె పెట్టుకున్నాడు. హవా పేరు ముందు జాబితాలో లేదు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం వేసవికి లండన్ పోయి అక్కడే చిక్కుకుంది. హవా పాస్‌పోర్టు మామా సొరుగులో, అంటే ఆ ఇంటి యజమానురాలి సొరుగులో, ఉండిపోయింది. ఆ సొరుగు తాళాన్ని సుబ్బరత్నమ్మ ఆ పొద్దునే స్క్రూడ్రైవరుతో ఊడబెరికి పాస్‌పోర్టు తెచ్చింది. హవా సొంత ఊరు హర్గీసా రెండేళ్ళ కిందటే బాంబులకు నేలమట్టమైంది. ఏడెన్‌లో ఉన్న అక్క ఒక్కతే దిక్కు. ఈ లారీ తప్పితే మరో లారీ వస్తుందన్న ఆశ లేదు.

"మనిషో, పెట్టో. యల్లా, తొందరగా!" అన్నాడు పాలస్తీనా డ్రైవర్.

"సార్, పెట్టె దించండి. ఈయమ్మ కూచుంటాది," అంది సుబ్బరత్నమ్మ.

"నీకు తెలీదమ్మా. ఇది ఒక జాతి గొంతు. పోతే మళ్ళీ రాదు."

"ఆ గొంతు ఈడ్నే నిలబడుకోనుండాది గదా సార్."

"మనిషి వేరు, సంప్రదాయం వేరు."

"అట్లనా! అయితే రవ్వంత వినిపీండి. అందరమూ వింటాము."

పాటలనుకుని డ్రైవర్ ముచ్చటపడ్డాడు. పెట్టెలోంచి ఒక క్యాసెట్ లాక్కుని లారీలోని టేప్‌లో పెట్టాడు. హవా గొంతు రెండు మాటలు అంది. వెంటనే "ష్!" ఆ తర్వాత బుస్సుమనే చప్పుడు, కత్తి టకటక. కాసేపటికి కుక్కుటేశ్వరరావు గొంతు: "చెప్పమ్మా, స్పీక్, స్పీక్." రెండో క్యాసెట్టూ అంతే. మూడోదీ అంతే. లారీలో జనం పడీపడీ నవ్వారు.

"ఇదేంది సార్, ఆఫ్రికా అంటిరి. అంతా మీరే ఉండారే!"

పెట్టె రోడ్డు పక్కకు దిగింది. హవా లారీ ఎక్కింది.

బస్రా దారిలో ఎండకు అందరూ వాడిపోయారు. హవా "షేకో షేకో" అంది. సుబ్బరత్నమ్మ నేర్పితే లారీ అంతా "షేకో హరీర్" అంది. కుక్కుటేశ్వరరావు నోటుపుస్తకం తీసి, వేలు పెదాలమీద పెట్టుకుని, అందరినీ గదమాయిస్తున్నట్టు చూశాడు. హవా ఆగిపోయింది.

"ఆ యేలు తీసి ఊ కొట్టల్ల సార్. లేకుంటే కథ నడవదు," అంది సుబ్బరత్నమ్మ.

కొట్టాడు. ఎక్కడ కొట్టాలో తెలియక, కథలోని దుమ్ములగొండి ఇంకా గుహ దాటకముందే కొట్టాడు. హవా ఓపిగ్గా మళ్ళీ మొదటికొచ్చింది.